చెల్లి రక్తం చెప్పిన వయసు

నేనూ మా చెల్లీ కవలలం. నా తర్వాత కాసేపటికి పుట్టింది కాబట్టి అది నన్ను అక్కా అని పిలవాలని అమ్మ తీర్పు చెప్పింది. ఆ పిలుపులో తప్ప మా ఇద్దరికీ తేడా ఉండేది కాదు. రాజోలు పక్క మా ఊళ్లో ఎవరు ఎవరో చెప్పగలిగింది అమ్మ ఒక్కర్తే. నాన్నగారు కూడా వెనక నుంచి చూస్తే "ఏమ్మా" అని ఊరుకునేవారు గానీ పేరు పెట్టి పిలిచే ధైర్యం చేసేవారు కాదు. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా చెప్పినందుకు చెల్లికి రావలసిన బహుమతిని ఒకసారి నా చేతిలో పెట్టేరు. ఇంటికొచ్చే దారిలో కాలవ గట్టు మీద దానిది దానికి ఇచ్చేశాను. విప్పి చూసి, లోపలున్న రెండు పెన్సిళ్లలో ఒకటి నాకిచ్చింది. "అందరి ముందూ లేచి వెళ్లి తెచ్చేవు కదా, ఆ కష్టానికి" అంది.

ముప్పై దాటిన కొత్తల్లో దానికి జబ్బు చేసింది. అప్పటికి దాని భర్త, మా మరిదిగారు, కువైట్‌లో ఏసీ మెకానిక్కు. వాళ్లమ్మాయి రెండో తరగతి. నేను ఐనవిల్లి దగ్గర ఒక బళ్లో టీచర్ని. మొదట్లో చెల్లికి పొద్దున్న లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయేవి. పిల్లకి జడ వేయలేక, పక్కింటావిడని బతిమాలేది. తర్వాత ఎండలోకి వెళ్తే చాలు, రెండు బుగ్గల మీదా ఎర్రగా కమిలినట్టు మచ్చలు తేలేవి. జ్వరం వచ్చేది, పోయేది. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే. ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి తిరిగి, చివరికి విశాఖపట్నంలో కీళ్ల జబ్బులు చూసే పెద్ద డాక్టరు గారి దగ్గర తేలింది. లూపస్ అన్నారాయన.

"బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడే శక్తి ఒకటి మన ఒంట్లో ఉంటుందమ్మా. మీ ఒంట్లో అది దారి తప్పింది. సొంత ఒంటినే శత్రువనుకుని దాని మీద పడుతోంది. పూర్తిగా పోయే జబ్బు కాదు. అదుపులో పెట్టుకుని బతకొచ్చు" అని నిదానంగా చెప్పేరు.

నేను ఏడుపు ఆపుకోలేకపోయేను. చెల్లి మాత్రం "అదుపులో పెట్టుకోవడానికి నేనేం చెయ్యాలండి?" అని అడిగింది. ఎండలో తిరగకూడదు, మందు మానకూడదు, జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకూడదు అని ఆయన చెప్తుంటే తలూపుతూ "ఆయ్... ఆయ్..." అంటూ వింది.

స్టెరాయిడ్ మందులకి దాని మొహం గుండ్రంగా ఉబ్బింది. జుట్టు పలచబడింది. నడకలో కుంటు వచ్చింది. అప్పట్నుంచి మాలో ఎవరు ఎవరో అని ఎవరూ తికమకపడలేదు. ఒకరోజు అమలాపురం బస్సులో ఒకావిడ లేచి నాతో, "మీ అమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండమ్మా, పాపం పెద్దావిడ నిలబడలేకపోతున్నారు" అంది. నేను కాదని చెప్పబోయేను. చెల్లి మాత్రం, "ఆయ్, ఈ మధ్య బస్సెక్కితే కళ్లు తిరుగుతున్నాయండి" అని వెళ్లి హాయిగా కూర్చుంది. దిగేక నేను మొహం మాడ్చుకుని నడుస్తుంటే, "నాకు కిటికీ దొరికింది. నీకేం దొరికింది, ఒక కూతురి హోదా తప్ప?" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వేశాను. ఇంటికెళ్లేక అద్దం ముందు అది ఎంతసేపు నిలబడిందో నాకు తెలుసు. మర్నాడు పొద్దున్న మాత్రం ఆ ఊసు ఎత్తలేదు.

మరిదిగారు కువైట్ వదిలేసి వచ్చేశారు. ఆ వయసులో అక్కడి జీతం వదులుకుని వచ్చినందుకు ఊళ్లో నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆయన పట్టించుకోలేదు. అమలాపురంలో బళ్లు బాగుచేసే షాపు పెట్టేరు. చెల్లి నీడపట్టున కౌంటర్లో కూర్చునేది. అక్కడ కూర్చుని అది ఒక సంగతి గమనించింది. స్కూటీలు ఆడవాళ్లవే గానీ, షాపుకి తెచ్చేది మొగుళ్లో తమ్ముళ్లో. ఆ బండి పేరుకే ఆవిడది. ఊళ్లు తిరిగి పిల్లలకి టీకాలు వేసే నర్సమ్మగారు ఒకావిడ ఒకరోజు, "లోను పెట్టి కొన్నానండి. నేర్చుకుందామంటే నేర్పేవాళ్లు లేరు. మా ఆయన అరుస్తారు. ఆ అరుపులకే పడిపోతున్నాను" అంది.

"నేను అరవనండి. రేపు తెల్లారగట్ల రండి" అంది చెల్లి.

అలా మొదలైంది. కాలేజీ గ్రౌండులో ఎండ రాకముందు ఒక గంట, పొద్దు వాలేక ఒక గంట. చెల్లి మోచేతుల కింద దాకా జాకెట్టు చేతులు, వాటి మీద గ్లౌజులు, తల మీద వెడల్పాటి టోపీ వేసుకుని వచ్చేది. మిగతా చోట్ల నేర్పేవాళ్లు బండి పట్టుకుని పక్కన పరిగెడతారు. పరిగెత్తడానికి దీనికి మోకాళ్లు సహకరించవు కదా, అందుకని నేర్చుకునేవాళ్ల వెనక సీటులో కూర్చునేది.

"పడితే ఇద్దరం పడతామండి. కాబట్టి నేను మిమ్మల్ని పడనివ్వను" అనేది వాళ్లతో.

స్టెరాయిడ్లు వాడేవాళ్ల ఎముకలు పెళుసుగా ఉంటాయని డాక్టరు గారు చెప్పగా విన్నదాన్ని. "నీకేమైనా మతి ఉందా?" అని కేకలేసేను.

"అక్కా, వెనకాల మనిషి ఉందంటే వాళ్లకి భయం సగం తగ్గుతుంది. చూస్తూ ఉండు" అంది.

నిజంగానే తగ్గేది. కాట్రేనికోన నుంచి చేపలమ్మే ఒకావిడ వచ్చింది. గంప నెత్తిన పెట్టుకుని ఆటో కోసం నిలబడలేక, బండి నేర్చుకుంటే బాగుండునని ఆవిడ ఆశ. మొదటి రోజు హ్యాండిల్ పట్టుకుని, యాక్సిలరేటరు తిప్పడానికే భయపడింది. చెల్లి వెనక కూర్చుని, రెండు చేతులూ ఆవిడ భుజాల మీద వేసి, "నా వేళ్లు చూడండి, ఈ వేళ కుడిచెయ్యి ముడుచుకోవట్లేదు. బ్రేకు నేను వెయ్యలేను. మీరే వెయ్యాలి. మరి నన్ను ఇంటికి చేర్చే బాధ్యత మీదే" అంది. ఆవిడకి నవ్వొచ్చింది. బండి కదిలింది. నెల తిరక్కుండా ఆవిడ వెనక సీటుకి చేపల పెట్టె కట్టుకుని అల్లవరం దాకా తిరగడం మొదలెట్టింది. ఆదివారాలు తప్ప ఎప్పుడొచ్చినా చెల్లికి రెండు చందువా చేపలు తెచ్చేది, వద్దన్నా వినేది కాదు.

ఇలా నడుస్తుండగా, విశాఖపట్నంలో పెద్ద డాక్టరు గారి దగ్గర ఒక కొత్త డాక్టరమ్మ చేరేరు. చిన్నావిడ. మామూలు చెకప్‌కి ఇద్దరం వెళ్లేం. ఫైలు చూసి, నన్ను చూసి, చెల్లిని చూసి, "మీరిద్దరూ ఏమవుతారండి?" అని అడిగేరు.

"కవలలమండి" అన్నాను.

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఒకే పోలిక కవలలా?"

"ఒకప్పుడండి" అంది చెల్లి.

ఆ మాటకి డాక్టరమ్మ నవ్వలేదు. తాను చేస్తున్న పరిశోధన సంగతి చెప్పేరు. మనిషి పెద్దవుతున్న కొద్దీ రక్తకణాల లోపల కొన్ని చిన్న చిన్న గుర్తులు మారుతూ వస్తాయట. వాటిని చదివి, పుట్టిన తేదీ అడక్కుండానే మనిషి వయసు ఉజ్జాయింపుగా చెప్పొచ్చట. అయితే ఆ లెక్క కట్టింది ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంతో. లూపస్ లాంటి జబ్బున్నవాళ్ల విషయంలో అది ఎంతవరకు నిలుస్తుందో చూడాలని ఆవిడ ప్రయత్నం. ఒకే పుట్టుక, ఒకే పోలిక, ఒకరికి జబ్బు ఉండి ఒకరికి లేకపోవడం ఆవిడకి దొరక్క దొరికిన అవకాశం.

"ఇష్టమైతేనేనండి. బలవంతం లేదు" అన్నారు.

చెల్లి నా వంక చూసింది. ఇద్దరం చేతులు చాపేం.

తర్వాతి చెకప్‌కి వెళ్లినప్పుడు ఫలితం వచ్చిందని తెలిసింది. డాక్టరమ్మ చెప్పడానికి వెనకాడేరు. "ఇది చాలామందిని కలిపి చూసే లెక్కండి. ఒక్క మనిషికి చెప్పి భయపెట్టేది కాదు" అన్నారు.

"చెప్పండి, పర్వాలేదు. బస్సులో జనం ఎప్పుడో చెప్పేశారు" అంది చెల్లి.

నా రక్తం నా అసలు వయసుకి అటూఇటుగా చెప్పింది. చెల్లి రక్తం మాత్రం దాన్ని నాకన్నా పదేళ్లు పైనే పెద్దది చేసింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండిందో చెప్పలేను. అమ్మ కడుపులో పక్కపక్కన పెరిగిన దాన్ని ఒక మిషను ఇంత పెద్దదాన్ని చేసేసింది. ఆ పదేళ్లూ ఎక్కడికి పోయేయి? ముందే వచ్చి పడ్డ ఆ ఏళ్లు దాని ఆయుష్షులోంచి తగ్గుతాయా? డాక్టరమ్మ నా మొహం చూసి, "అమ్మా, చెల్లెలు గారు పదేళ్లు త్వరగా పోతారని కాదండి దీని అర్థం" అన్నారు గబగబా. "రక్తంలో తెల్లకణాలు చాలా రకాలుంటాయి. వయసు మీద పడుతుంటే వాటి పాళ్లు మారతాయి. ఈ జబ్బులో కూడా మారతాయి. ఆ కణాలు ఎప్పుడూ యుద్ధంలో ఉన్నట్టే ఉండటం వల్ల, లోపలి గుర్తులు కూడా కొన్ని మారిపోతాయి. అందులో నిజంగా ఒంటికి పడిన అరుగుదల ఎంతో, జబ్బు రేపిన అలజడి ఎంతో, మందుల ప్రభావం ఎంతో ఇంకా విడదీయలేకపోతున్నాం. కొలబద్దకి అవన్నీ కలిపి వయసులాగే కనిపిస్తాయండి."

చెల్లి అంతా విని, నేను అనుకోని ప్రశ్న వేసింది. "ఈ లెక్క దేనికి వాడతారండి?"

ఆరోగ్యం అంచనా వెయ్యడానికని చెప్పి, మరో మాట కూడా చెప్పేరావిడ. పుట్టిన తేదీకి ఆధారం లేనివాళ్ల వయసు ఎంతో ఇలా రక్తంతో తేల్చవచ్చా అని కూడా కొన్నిచోట్ల పరిశోధకులు చూస్తున్నారట.

చెల్లి నిటారుగా కూర్చుంది. "అంటే కేసుల్లోనా అండి? మైనరా, కాదా అని తేల్చడానికి?"

"ముందు ముందు అలా వాడాలన్న ఆలోచన ఉందండి."

"మరి అలాంటి పిల్లకి నా జబ్బు ఉంటే? ఉన్నట్టు ఎవరికీ తెలియకపోతే? పదిహేనేళ్ల పిల్లని పెద్దదని రాసేస్తారు కదండీ!"

డాక్టరమ్మ కలం బల్ల మీద పెట్టేశారు. "అందుకేనండి మీలాంటివాళ్ల రక్తం కావాలి నాకు. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో ముందే తెలియాలి" అన్నారు. చికిత్సతో పాటు ఆ గుర్తులు ఎలా మారతాయో చూడటానికి కొన్నాళ్ల పాటు ప్రతి చెకప్‌కీ ఇద్దరి రక్తమూ ఇవ్వగలరా అని అడిగేరు.

తిరుగు ప్రయాణంలో తుని దాటేం. తర్వాత ఉండబట్టలేక, "ఇంక చాలు. నువ్వు ముసలైపోయేవని ప్రతిసారీ చెప్పించుకోవడానికి అంత దూరం వెళ్లాలా?" అన్నాను.

"రక్తం నాది. కోపం నీకెందుకు?" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అక్కా, అమ్మకి తనెప్పుడు పుట్టిందో తెలీదు. అడిగితే తుఫానుకి ముందు అంటుంది. మనకి బళ్లో మాస్టారు తోచిన తేదీ రాసేరు. మన దగ్గర కాగితాల్లేని పిల్లలు ఇంకా లేరా? ఎవరో ఒక పిల్ల. ఒళ్లంతా నొప్పులు, ఎందుకో తెలీదు. అదే సమయంలో ఎవరో దాని రక్తం తీసి నువ్వు పెద్దదానివే అంటే ఎలా ఉంటుంది? నా గురించి తప్పు చెప్తే పర్వాలేదు, నాతో కలిసి నవ్వేయడానికి నువ్వున్నావు. ఆ పిల్లకి ఎవరుంటారు?"

ఎదురుగా లేని, ఎప్పటికీ చూడని ఒక పిల్ల గురించి అది అంతలా ఆలోచించడం చూసి, పక్కన కూర్చున్న మనిషిని కొత్తగా చూసినట్టయింది. ఆ తర్వాత నేనెప్పుడూ వద్దనలేదు.

రెండేళ్ల క్రితం వానాకాలంలో దానికి జబ్బు తిరగబెట్టింది. పాదాలు వాచేయి. మొహం నీరు పట్టింది. ఈసారి మూత్రపిండాల మీద పడింది. విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చేం. బలమైన మందు సెలైన్‌లో ఎక్కించేవారు. అది ఎక్కుతుంటే వాంతులు. నోటి నిండా పుళ్లు, మంచినీళ్లు మింగినా మంటే. మరిదిగారు మంచం పక్క నుంచి కదలలేదు. రోజంతా చెల్లి పాదాలు పట్టుకుని కూర్చునేవారు.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చేరు. చార్టు చూసి, మందుల సంగతి మాట్లాడి, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి మళ్లీ కదిలేరు. చెల్లి గమనించింది.

"డాక్టరమ్మగారూ, రక్తం తీసుకోరా?"

"ఇప్పుడొద్దండి. మీరు నీరసంగా ఉన్నారు. కోలుకున్నాక చూద్దాం."

"కోలుకున్నాక తీసుకుంటే ఏం తెలుస్తుందండి? జబ్బు బాగా ఉన్నప్పుడే కదా తప్పు బాగా కనపడేది. తీసుకోండి." అంటూ సెలైన్ సూది లేని చెయ్యి దుప్పట్లోంచి బయటికి పెట్టింది. ఆ చెయ్యి నాకింకా కళ్లకి కడుతుంది. మణికట్టు దగ్గర నల్లగా కమిలి, ఉబ్బి, వేళ్లు సగం ముడుచుకుని ఉంది. డాక్టరమ్మ పెద్ద డాక్టరు గారిని అడిగి వచ్చి, కొంచెమే, మామూలు పరీక్షకి తీసేటప్పుడే కలిపి తీసేరు. తీసేటప్పుడు ఆవిడ కళ్లు తడిసేయి. పక్క మంచం మీద కూర్చుని నేనూ నా చెయ్యి చాపేను.

ఇక్కడ అమలాపురంలో గ్రౌండులో నేర్పడం ఆగిపోతుందనుకున్నాం. చెల్లి దగ్గర నేర్చుకున్నవాళ్లు దాన్ని ఆగనివ్వలేదు. నర్సమ్మగారు డ్యూటీకి ముందు వెళ్లి కొత్తవాళ్లకి నేర్పేది. ఆవిడకి కుదరని రోజు చేపలావిడ వచ్చేదట. మా చెల్లి లాగే ఆవిడా వెనకాల కూర్చునేదట, కాకపోతే గట్టిగా అరిచేదట. ఈ సంగతి ఫోన్లో విని చెల్లి నోటి పుళ్ల మంటతోనే నవ్వబోయి, నవ్వలేక చేత్తో మూతి పట్టుకుంది.

ఇంటికొచ్చేక కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది. మూత్రపిండాలు నిలదొక్కుకున్నాయి. మందుల డోసులు ఒక్కోటీ తగ్గుతూ వచ్చేయి. మొహం వాపు దిగి, అమ్మ పోలిక మళ్లీ కనపడింది. మొన్న చెకప్‌లో డాక్టరమ్మ అన్నిసార్ల రక్తపరీక్షల ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూపించేరు. ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు మా ఇద్దరికీ మధ్య తేడా మరీ పెరిగిపోయింది. జబ్బు నెమ్మదించేక బాగా తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు.

"అంటే చెల్లి వయసు వెనక్కి వచ్చిందా అండి?" అని ఆశగా అడిగేను.

"అలా చెప్పలేనండి. ఒంటికి నిజంగా మేలు జరిగిందా, కణాల పాళ్లు మారేయా, మందు మాయా అన్నది నాకింకా తెలీదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. మనిషికి ఏ జబ్బుందో తెలుసుకోకుండా ఈ లెక్కతో వయసు తేల్చకూడదు. నా పరిశోధనలో ఆ మాట రాసేను. మీ ఇద్దరి రక్తమే నాకు బలం" అన్నారావిడ.

"తెలీనిది తెలీదని కూడా రాసేరా అండి?" అని అడిగింది చెల్లి.

"రాసేనండి."

"అయితే బాగా రాసేరు" అని మెచ్చుకుంది. ఆవిడ ఎంత చదువుకున్నా, ఆ మెచ్చుకోలుకి చిన్నపిల్లలా మొహం వెలిగింది. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి సాగనంపేరు.

నాకు ఒంట్లో ఏ బాధా లేదు. నా రక్తం నా వయసుని ఉన్నదున్నట్టు చెప్తుంది. నడిచేటప్పుడు నొప్పి లేకపోవడం ఎంత గొప్పో నేను నేర్చుకున్నది చెల్లి నడకని చూసే. అది ఎన్నో పొద్దుటిపూటలు వేళ్లు వేడినీళ్లలో ముంచుకుని, ఒక్కొక్కటే సాగదీసుకుని, ఎవరికో బండి నేర్పడానికి బయలుదేరింది. ఈ రోజుకి మానేస్తానని ఒక్కసారి కూడా నాతో అనలేదు. నాతో కలిసి పుట్టిందని నలుగురిలో చెప్పుకునేటప్పుడు నాకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది.

నిన్న పొద్దున్న ఫ్లాస్కులో టీ పోసుకుని గ్రౌండుకి వెళ్లేను. కొత్తపేట నుంచి వచ్చిన ఒక టీచరు గారు నేర్చుకుంటున్నారు. రిటైరవ్వడానికి ఎన్నాళ్లో లేదావిడకి. చెల్లి ఆవిడ వెనకాల కూర్చుని రెండు చుట్లు తిప్పించి నా దగ్గర ఆపించింది. దిగుతుంటే మోకాలు వెంటనే చాచలేకపోయింది. నా భుజం పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"టీచరు గారు బాగా నడుపుతున్నారండి. రేపు రోడ్డు మీదకి వెళ్దాం" అంది ఆవిడతో.

"ఆయ్, మీరుంటే వెళ్తానండి" అన్నారావిడ.

నేను మూతలో టీ పోసి అందించేను. ఒక గుక్క తాగి నా వంక అనుమానంగా చూసింది.

"పంచదార వేశావా? డాక్టరు గారు వద్దన్నారు కదా."

"కొంచెమే."

"అయితే ఇంకొంచెం పొయ్యి" అంది.